పొగమంచే ముందు

"చేతులెత్తండి" అన్నాడు చంద్రమౌళి.

మేడమీద గదిలో చేతులన్నీ ఒక్కసారి లేచాయి. సగంమంది అసలు ఆట చూడనేలేదు. కిటికీ దగ్గర ఫోన్లో మునిగిపోయి ఉన్నవాడు తలైనా తిప్పకుండా చెయ్యెత్తాడు. దేనికి ఎత్తుతున్నావురా అని అడిగితే చెప్పలేడు గానీ, ఎవరి వైపు ఎత్తాలో వాడికి బాగా తెలుసు. షాపు చంద్రమౌళిది. ఆడుతున్నవాడు చంద్రమౌళి కొడుకు ఆనంద్‌కుమార్.

బల్లకి ఇవతల కూర్చున్న భారతి ఆ చేతుల వైపు చూడలేదు. బల్ల మధ్యలో ఉన్న రెండు పేకముక్కల వైపు చూస్తోంది. కింద పిడుగు. దాని మీద అడ్డంగా పొగమంచు.

విజయనగరం గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ సామాను అమ్మే చంద్రమౌళి, హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటేడు ఈ ముక్కల ప్యాకెట్లు తెప్పించి మేడమీద బల్లలు వేశాడు. ఆట అసలు పేరు ప్యాకెట్ మీద ఇంగ్లీషులో ఉంటుంది, ఇక్కడ మాత్రం అందరికీ అది ఏడు కోటల ఆట. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఏడేసి కోటలు. చేతిలో రాక్షసులు, జంతువులు, మంత్రాలు. ఎదుటివాడి కోటలన్నీ కూలిస్తే గెలిచినట్టు. అంతవరకూ బళ్ళో పిల్లలకైనా అర్థమవుతుంది. తగువంతా ఒకరు వేసిన మంత్రం మీద రెండోవారు ఇంకో మంత్రం వేసినప్పుడే వస్తుంది.

ఇప్పుడు వచ్చింది అలాంటిదే. ఆనంద్‌కి ఒక్క కోట మిగిలింది. భారతి తన నీటిరక్కసిని దాని మీదికి తోలింది. ఆనంద్ పిడుగు వేశాడు, రక్కసి చావాలి. భారతి వెంటనే పొగమంచు వేసింది, ఆ వంతు అయ్యేదాకా రక్కసికి ఏ మంత్రమూ తగలదు. రెండు మంత్రాలు ఒకదాని మీద ఒకటి పడితే మీద ముక్కే ముందు పనిచేస్తుందని ప్రతి ప్యాకెట్లోనూ మడతపెట్టి ఉండే రూల్స్ కాగితంలో రాసే ఉంది. ముందు మంచు కమ్ముతుంది, పిడుగుకి రక్కసి దొరకదు, కోట కూలుతుంది, భారతి గెలుస్తుంది. కాగితం ప్రకారం అంతే.

"ముందేసింది నేను" అన్నాడు ఆనంద్. "పిడుగు పడిపోయినాక మంచేటి సేస్తాది? సచ్చినదానికి దుప్పటి కప్పుతావేటి?"

గదంతా నవ్వింది.

"పడతాదని తెలిసే కదా మంచేసినాను" అంది భారతి. "పడిపోయినాక ఎయ్యడానికి నాకేటైనా ఎర్రి పట్టిందా? కాగితం తియ్యి, సదువు."

"కాగితాలెందుకమ్మా, ఇంతమంది ఉండగా" అన్నాడు చంద్రమౌళి. చేతిలో పెన్నుతో లేచిన చేతులను ఒక్కొక్కటే చూపిస్తూ లెక్కపెట్టాడు. చిల్లర లెక్కపెట్టేటప్పుడు పెట్టే శ్రద్ధే దీనికీ పెట్టాడు, అందులో మాత్రం ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. "భారతి వైపు ఎవరు?"

భారతితో పాటు డిగ్రీ చదువుతున్న దీపిక ఒక్కతే ఆ గదిలో ఇంకో ఆడపిల్ల. ఆమె మోచెయ్యి బల్ల మీంచి కొంచెం లేచింది. అందరూ తిరిగి చూసేసరికి ఆ చేత్తోనే జడ సర్దుకుంది.

"పిడుగే ముందు. ఆనంద్ గెలిచాడు" అన్నాడు చంద్రమౌళి.

నెలన్నాళ్ళుగా ఆదివారం ఆదివారం ఆడుతున్న పోటీలో అది ఆఖరి ఆట. అది గెలిచి ఉంటే పాయింట్లలో భారతే మొదట నిలిచి, ఈ షాపు తరఫున విశాఖపట్నం పెద్దపోటీకి వెళ్ళేది. ఓడింది కనక ఇద్దరి పాయింట్లూ సమానమయ్యాయి. వచ్చే ఆదివారం ఇద్దరికీ మళ్ళీ ఒక్క ఆట, గెలిచినవాళ్ళు వైజాగ్ వెళ్తారు. ఆ సంగతి గోడమీద బోర్డులో రాస్తూ చంద్రమౌళి, "మంచిదేలే, ఇంకో ఆట చూస్తాం" అన్నాడు. ఆ మాట భారతికి చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది. ఆమెకి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముక్కలన్నీ ఒకే దిక్కుకి సర్ది, రబ్బరు బ్యాండు వేసి, ఆనంద్ చాచిన చేతిని చూడనట్టే లేచిపోయింది.

మెట్ల మీద దీపిక వెనకాలే పరుగెత్తుకొచ్చింది.

"నేనెత్తేనే. నువ్వు సూళ్ళేదు గానీ, సగం ఎత్తేను."

"సగం సెయ్యి ఏ ఖాతాలో ఏస్తారే?" అని భారతి ఆగకుండా దిగిపోయింది.

రెండు రోజులు పోయాక, కాలేజీ అవగానే భారతి మళ్ళీ ఆ షాపుకి వెళ్ళింది. మేడ మీదికి కాదు, కింద కౌంటర్ దగ్గరికి. చంద్రమౌళి గాజుల డబ్బాలు దించి, విరిగినవి ఏరి పక్కన పెడుతున్నాడు. భారతిని చూసి స్టూలు ముందుకు జరిపాడు. మర్యాదకి ఏ రోజూ లోటు చెయ్యని మనిషి. అదే భారతికి ఇంకా మంటగా ఉంటుంది. తిట్టేవాడితో అయితే తిరిగి తిట్టి పోవచ్చు.

"కూర్చోమ్మా. ఏం కావాలి, కొత్త ప్యాకెట్లు వచ్చాయి."

"ప్యాకెట్టొద్దండి. పోయిన ఆదివారం తీర్పు తప్పని మీరు సెప్పాలి."

చంద్రమౌళి ఒక గాజుని వెలుగుకి పెట్టి తిప్పి చూశాడు. సన్నగా పగులుంది. పక్కన పెట్టాడు.

"చూడమ్మా, నేనా ఇంగ్లీషు కాగితం చదివిన మనిషిని కాదు. మా తాత కాలం నుంచీ ఈ బజార్లో ఒక పద్ధతుంది. బేరంలో తగువొస్తే చుట్టుపక్కల షాపుల వాళ్ళని పిలుస్తాం. పదిమంది ఎటంటే అటు. కోర్టులకెళ్ళిన వాళ్ళం కాదు. ఆ పద్ధతే పిల్లలకీ పెట్టేను. అందులో నా స్వార్థం ఏముంది?"

"బజార్లో అయితే ఇద్దరి పక్కా మనుషులుంటారండి. మేడ మీద అందరూ ఆనంద్ స్నేహితులే కదా."

"నేను పిలిచి కూర్చోబెట్టేనా? వచ్చినవాళ్ళు వచ్చేరు. మేడ మీద ఎవరుంటే వాళ్ళ చేతులే లెక్క. రేపు నీవాళ్ళుంటే నీవాళ్ళవీ లెక్కే. నీకు స్నేహితులు లేకపోతే నన్నేం చెయ్యమంటావు చెప్పు?"

ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. తన పద్ధతిలో దోషం ఉండొచ్చని ఆయనకి తట్టనేలేదు. భారతికి చెప్పడానికి చాలా ఉంది. రూలుకి స్నేహితులెందుకని అడగాలనుంది. కాగితంలో రాసింది పదిమంది చెయ్యెత్తితే చెరిగిపోతుందా అని అడగాలనుంది. అంతలో ఎవరో రిబ్బన్ల కోసం వచ్చారు, ఆయన మూర పెట్టి కొలవడంలో పడిపోయాడు. స్టూలు మీద అలా కూర్చుని ఉండడం చిన్నతనంగా అనిపించి భారతి వచ్చేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా చేపల బజారుకి నడిచింది. వాళ్ళ అమ్మ నారాయణమ్మ అక్కడ చేపలమ్ముతుంది. వాళ్ళ ఊరు కోనాడలో తెల్లవారకుండానే సముద్రం ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి ఆటో మాట్లాడుకుని గంపలతో విజయనగరం వస్తారు. అదే ఆటోలో వెనక పుస్తకాల సంచీతో భారతి. సాయంత్రం మళ్ళీ ఖాళీ గంపల మధ్య ఇరుక్కుని ఇంటికి.

నారాయణమ్మ కత్తిపీట ముందు గొంతుక్కూర్చుని వంజరం ముక్కలు కోస్తోంది. పక్కన తాయారు కవ్వళ్ళనే చిన్నచేపలు కుప్ప పోసి నీళ్ళు చిలకరిస్తోంది. కొనే మనిషి వెళ్ళేదాకా ఆగి, భారతి పీట లాక్కుని కూర్చుంది. ఆదివారం నుంచీ ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మొత్తం కక్కేసింది. పిడుగు, మంచు, చేతులు, చంద్రమౌళి గాజులు, ఒక్కటీ దాచలేదు.

"ఆగాగు" అంది నారాయణమ్మ. "ఆడు ముందు కొట్టినాడు. నువ్వు ఎనకాల అడ్డం పెట్టినావు. మరి ఆడిదే కదే ముందు?"

"నువ్వూ అదే మాటా?" భారతి పక్కనున్న రెండు గంపలు తీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది. "ఇది పిడుగు. ఇది మంచు. ఇప్పుడు తియ్యమ్మా. ఏది ముందు తీస్తావు?"

"మీదిదే తీస్తాను. కిందది ఎలాగొస్తాది?"

"మరదే. ఆట కట్టినోళ్ళు అలాగ పెట్టేరు. నచ్చినా నచ్చకపోయినా అదే రూలు. ఆల్లకి కావలసినప్పుడు ఒకలాగ, నాకు కావలసినప్పుడు ఇంకోలాగ కాదు."

నారాయణమ్మ చేతులు నీళ్ళ బక్కెట్లో ముంచి కడుక్కుంది. వేళ్ళకి పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. వాటిని కొంగుకి తుడుచుకుంటూ కూతురి మొహంలోకి చూసింది. ఇంతకు ముందు ఈ ముక్కల ఆట అంటే పనీపాటా లేని వ్యవహారం అన్నదే ఆమె అభిప్రాయం. ఇప్పుడూ అభిప్రాయం మారలేదు. కానీ కూతురి గెడ్డం అదురుతోంది.

"సావుకారు ఏటన్నాడు, మేడమీద ఉన్నోళ్ళ సేతులే లెక్కనా?"

"అదే అన్నాడు."

"ఓలమ్మా, సేతులేనేటే కావలసింది?" అంది తాయారు పక్కనుంచి. "సేతులు మనకి నేవేటి?"

నారాయణమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, అవతల ఎండుచేపలు కట్టలు కడుతున్న లక్ష్మణమ్మని కేకేసింది. "ఒసే లచ్చనమ్మా, ఆదివారం బేరమయినాక నీకేటైనా పనుందా?"

వద్దని చెప్పాలని భారతికి ఒక్క క్షణం అనిపించింది. రూలు తెలియని చేతులు కుర్రాళ్ళవైతే తప్పు, అమ్మావాళ్ళవైతే ఒప్పు ఎలాగవుతుంది? కానీ మేడమీద లేచిన ఆ చేతులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. కిటికీ దగ్గర ఫోన్ చూసుకుంటున్నవాడి చెయ్యి మరీ గుర్తొచ్చింది. రానీ, వాళ్ళకీ తెలియాలి, అనుకుంది. "నేను తలూపినప్పుడు ఎత్తితే సాలు. ముందే ఎత్తీకండి" అంది.

ఆదివారం మధ్యాహ్నం చంద్రమౌళి షాపు మెట్ల మీద పారగాన్ చెప్పుల చప్పుడు వరసగా వినిపించింది. ముందు నారాయణమ్మ, వెనక తాయారు, లక్ష్మణమ్మ, ఇంకా బజారులో కూర్చునేవాళ్ళు, వాళ్ళ తోడికోడళ్ళు. గది నిండిపోయింది. పోయినవారం ఫోన్ చూసుకున్న కుర్రాడికి కిటికీ దగ్గర చోటు లేకుండా పోయింది.

చంద్రమౌళి మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "రండమ్మా, రండి" అన్నాడు. గోడ పక్క బెంచీ మీద పాత పేపర్లు పరిచాడు. పరిచి, మూలనున్న దేవుడి పటం ముందు నాలుగు అగరువత్తులు ఒకేసారి వెలిగించాడు. వేళకాని వేళ దేవుడి మీద భక్తి ఎందుకు పుట్టిందో గదిలో అందరికీ తెలుసు.

"పేపరేటి బాబూ, బల్లకి మేం అంటుకుపోతామా?" అంది తాయారు. పేపరు తీసి నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికే ఇచ్చి, బెంచీ మీద సుబ్బరంగా కూర్చుంది.

భారతి మొహం వేడెక్కింది. అమ్మ వైపు చూడలేదు. కూర్చుని పేక కలిపింది.

ఆట బాగా ఆడింది. ఆనంద్ కూడా బాగా ఆడాడు, అది కూడా చెప్పాలి. తండ్రి షాపు అవడం వాడి తప్పు కాదు, ఆటంటే వాడికి నిజంగా పిచ్చి. ఒకరి కోట కూలితే వెంటనే రెండోవారిదీ కూలింది. బెంచీ మీద ఆడవాళ్ళకి ఆట అర్థం కాకపోయినా కోట కూలడం అర్థమయింది. ఆనంద్ కోట పడ్డప్పుడల్లా లక్ష్మణమ్మ "పోయిందా?" అని గట్టిగా అడిగి నిర్ధారించుకుంటోంది. చివరికి ఇద్దరికీ ఒక్కొక్క కోట మిగిలింది.

ఆనంద్ దగ్గర రెక్కలపులి ఒక్కటే ఉంది. దాన్ని భారతి కోట మీదికి తోలాడు. భారతి చేతిలో పిడుగు ఉంది. వేసింది. పులి చస్తే ఆనంద్ దగ్గర ఇంకేమీ లేదు, వచ్చే వంతులో వాడి కోట కూలడం ఖాయం.

ఆనంద్ చేతిలో ముక్కల వైపు చూసుకున్నాడు. ఒక ముక్క సగం తీసి, మళ్ళీ లోపల పెట్టి, మళ్ళీ తీశాడు. పిడుగు మీద అడ్డంగా పెట్టాడు.

పొగమంచు.

గదిలో ఒక్కొక్కరికే విషయం తలకెక్కింది. ముందు దీపిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కుర్రాళ్ళు. ఆనంద్ చెవులు ఎర్రబడ్డాయి.

"మీద ముక్కే కదా ముందు..." అన్నాడు. ఎవరికీ వినబడకూడదన్నట్టు అన్నాడు గానీ అందరికీ వినబడింది.

"సచ్చినదానికి దుప్పటి కప్పుతాడట!" అంది తాయారు. భారతి చెప్పిన కథలో ఆవిడకి నచ్చిన మాట అదే. ఈసారి నవ్వు కుర్రాళ్ళ వైపు నుంచి కూడా వచ్చింది.

చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు. కొడుకు వైపు చూశాడు, బెంచీ వైపు చూశాడు. ఎన్నడూ తప్పని పద్ధతి, ఇవాళ తప్పిస్తే నవ్వులపాలు. "చేతులెత్తండి. పిడుగు ముందా, మంచు ముందా? పిడుగు అనేవాళ్ళు."

భారతి తలూపలేదు. ఊపాల్సిన అవసరం కూడా లేకపోయింది. బెంచీ మీద చేతులన్నీ లేచాయి. కత్తిపీట గాట్లున్నవి, ఐసులో నాని పగిలినవి, పచ్చగాజులవి, గాజులు లేనివి. పోయినవారం తాము అన్నదే కాబట్టి కుర్రాళ్ళలో కూడా కొందరు ఎత్తారు. దీపిక ఈసారి నిండుగా ఎత్తింది.

చంద్రమౌళి పెన్ను కూడా తియ్యలేదు. "లెక్కెందుకులే. భారతిదే ఆట" అన్నాడు.

నారాయణమ్మ చెయ్యి దించకుండానే పక్కవాళ్ళని మోచేత్తో పొడిచింది. మెట్ల దగ్గర ఎవరో ఈల వేశారు. వైజాగ్ భారతిదే అయిపోయింది, ఇంక లేచి దండం పెట్టి వెళ్ళిపోవడమే తరువాయి.

భారతి కదల్లేదు. కింద పిడుగు, మీద పొగమంచు. అవే ముక్కలు, అదే బల్ల. త్యాగం చేసి మంచిపిల్ల అనిపించుకోవాలని ఆమెకి ఏ కోశానా లేదు. వైజాగ్ కావాలి. గట్టిగా కావాలి. కానీ ఈ గెలుపు పుచ్చుకుంటే ఒకటి ఒప్పుకోవాలి. పిడుగే ముందని ఒప్పుకోవాలి. అంటే పోయిన ఆదివారం తను ఓడడం న్యాయమేనని తన నోటితోనే ఒప్పుకున్నట్టు. వారం రోజులుగా తిండి సయించకుండా చేసిన ఆ తీర్పుకి తనే ముద్ర వేసినట్టు. ఆ ఆలోచన వెనకాలే ఇంకొకటి వచ్చింది, అది వచ్చేసరికి ఆమెకి నవ్వు కూడా వచ్చింది.

పొగమంచు ముక్క తీసి ఆనంద్ ముందు పెట్టింది. పిడుగుని తను వాడేసిన ముక్కల్లో పడేసింది. తన ఆఖరి కోట ముక్కని బోర్లించింది.

"పొగమంచే ముందండి" అంది. "పులి సావలేదు. నా కోట పోయింది. ఈ ఆట ఆనంద్‌ది."

"ఒసే!" అంది నారాయణమ్మ.

"అదేంటమ్మా, ఇంతమంది నీ వైపే ఉన్నారు కదా" అన్నాడు చంద్రమౌళి. ఆయన నిజంగా తికమకపడ్డాడు.

"ఉన్నారండి. ఆల్లకి ఆట రాదు. నా కోసం ఎత్తేరు. పోయినోరం ఈ కుర్రోళ్ళూ అలాగే ఎత్తేరు." భారతి గొంతు పైకి లేచింది. "కాగితంలో రాసినదాని ప్రకారం ఇయాల నేను ఓడిపోయేను. దాని ప్రకారమే పోయిన ఆదివారం ఆట నాది. అది నాదయితే పాయింట్లలో నేనే ముందు. నేనే ముందయితే ఇయాల ఈ ఆటే నేదు. మంచు ముందంటే అప్పుడు గెలిచినది నేను. పిడుగు ముందంటే ఇప్పుడు గెలిచినది నేను. రెండిట్లో ఎటన్నా వైజాగ్ నేనే ఎల్తాను. మీరు ఏదో ఒకటి సెప్పండి. సేతులు లెక్కెట్టకుండా, మీ నోటితో సెప్పండి."

చంద్రమౌళి చేతిలో తాయారు మడతపెట్టి ఇచ్చిన పేపరు ఇంకా అలాగే ఉంది. ఆయన దాన్ని ఇంకో మడత పెట్టాడు. తీర్పు చెప్పడం ఆయనకి అలవాటే, పదిమంది వెనక నిలబడి చెప్పడం. ఒక్కడే చెప్పడం ఎప్పుడూ జరగలేదు. సాయం కోసం కుర్రాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు బల్లల వైపు చూసుకున్నారు.

"నాన్నా" అన్నాడు ఆనంద్. తల ఎత్తలేదు. తన ముందున్న పొగమంచు ముక్కని వేలితో తిన్నగా జరుపుతున్నాడు. "పోయినోరం తనే గెలిచింది. నాకు అప్పుడే తెలుసు. సెప్పేయ్."

చంద్రమౌళి కొడుకు వైపు కాసేపు చూశాడు. ఆ మాట ఆయన్ని గట్టిగానే తాకింది. పేపరు పక్కన పెట్టాడు. గోడ మీద బోర్డు దగ్గరికి నడిచి, పోయినవారం తను రాసింది అరచేత్తో తుడిచాడు.

"పొగమంచే ముందు" అన్నాడు.

"వినబళ్ళేదు బాబూ" అంది లక్ష్మణమ్మ వెనకనుంచి.

"పొగమంచే ముందు!" ఈసారి కింద షాపులోకి కూడా వినబడేట్టు అన్నాడు. "పోయిన ఆదివారం ఆట భారతిది. నేను తప్పు చెప్పేను. వైజాగ్ భారతి వెళ్తాది."

భారతికి అప్పుడు ఏడుపొచ్చింది. వారం రోజులుగా రానిది అందరి ముందూ వచ్చింది. సిగ్గుపడలేదు, చున్నీతో మొహం తుడుచుకుంది. ఆనంద్ చెయ్యి చాచాడు. ఈసారి పట్టుకుంది.

వెనక్కి తిరిగి చూస్తే బెంచీ మీద ఆడవాళ్ళందరూ ఇంకా చేతులు ఎత్తే ఉన్నారు. దించమని ఎవరూ చెప్పలేదు మరి.

"ఏటే, గెలిచినావా ఓడినావా?" అంది నారాయణమ్మ. "రెక్క లాగెత్తన్నాది. దించీమంటావేటి?"

"దించీండమ్మా" అంది భారతి. "ఇక్కడ ఇంక సేతులతో పని నేదు."